మాట పడిపోయిన మనిషి వీలునామా

ఆవిడ నల్లకోటు వేసుకుని మొదటిసారి మా కోర్టు హాల్లోకి వచ్చేనాటికి ఆవిడకు నలభై ఏడేళ్లు. నేనప్పుడు అక్కడ స్టెనోగా ఉండేదాన్ని. సాక్షులు చెప్పే ప్రతి మాటా నా వేళ్ల మీదుగానే కాగితం ఎక్కేది. ఆ వయసులో కొత్త ప్లీడరు ఉంటుందని ఎవరూ అనుకోరు కదా, ఎవరో కక్షిదారు దారి తప్పి ముందు కుర్చీలో కూర్చుందనుకున్నాడు మా బంట్రోతు. దగ్గరికి వెళ్లి, "అమ్మా, మీరు వెనక బెంచీ మీద కూర్చోవాలి" అన్నాడు. ఆవిడ కోటు కాలరు పట్టుకుని చూపించి, "ఇది అద్దెకి తెచ్చుకున్నది కాదు నాయనా, కొలతలిచ్చి కుట్టించుకున్నదే" అంది. ఆ సాయంత్రానికల్లా ఆవిడ అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసిందన్న సంగతి వరండా అంతా పాకిపోయింది. మర్నాటికి పేరు కూడా ఖాయమైంది, నర్సు ప్లీడరు అని. వెటకారానికి పెట్టిన పేరే. ఆవిడ మాత్రం, "బాగుంది, రెండు ఉద్యోగాలూ కలిసొచ్చాయి" అని ఊరుకుంది.

చేతిలో ఉన్న ఉద్యోగం వదులుకుని ఎందుకొచ్చిన తద్దినమని అడిగినవాళ్లకు ఆవిడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. నాకు మాత్రం ఒకరోజు అసలు సంగతి చెప్పింది.

ఆవిడ పనిచేసే వార్డులో ఒక ముసలావిడ మగతలో పడి ఉంది. ఒక మధ్యాహ్నం ఆ ముసలావిడ మేనల్లుడు మంచం పక్కన వంగి, ఆవిడ బొటనవేలు పట్టుకుని సిరా డబ్బాలో అద్దుతున్నాడు. పక్క మంచం దగ్గర బీపీ చూస్తున్న మన నర్సు ఒక్క అంగలో వెళ్లి ఆ డబ్బా లాగేసుకుంది. దుప్పటి అంతా నీలమైంది. కానీ అప్పటికే ఒక కాగితం మీద వేలిముద్ర పడనే పడింది. ఆ తర్వాత నాలుగు రోజులకు ముసలావిడ పోయింది. ఆ కాగితమే వీలునామా అంటూ మేనల్లుడు కోర్టుకెక్కాడు. ముసలావిడ కూతురు ఈవిడను సాక్షిగా పిలిపించింది.

నిజం తన దగ్గరే ఉంది కదా, వెళ్లి చెప్పేస్తే సరిపోతుందనుకుంది నర్సు. అవతలి ప్లీడరు లేచాడు.

"ఆ పేషెంటుకి స్పృహ లేదని మీకెలా తెలుసు? మీరు డాక్టరా?"

"కాదండి."

"ఆ రోజు వార్డులో ఎంతమంది పేషెంట్లు?"

"నలభై రెండు మంది."

"నలభై రెండు మందిలో ఈవిడ ఒక్కర్నే చూస్తూ కూర్చున్నారా?"

"లేదండి."

"అంటే చూడలేదన్నమాట. ఇక చాలు."

ఐదు నిమిషాల్లో అయిపోయింది. కళ్లారా చూసింది కాస్తా చూడనిదైపోయింది. కూతురు కేసు ఓడిపోయింది. తీర్పు వచ్చిన రోజు కోర్టు మెట్ల మీద ఆ అమ్మాయి తిట్టలేదు, ఏడవలేదు. "మీరు రాకపోయినా బాగుండేది సిస్టర్" అని మాత్రం అంది. "ఆ మాట నాకు కత్తిపోటు కంటే ఎక్కువ. నిజం తెలిసుంటే సరిపోదు, దాన్ని అక్కడ నిలబెట్టడం కూడా తెలియాలని ఆవేళ అర్థమైంది" అంది నర్సు ప్లీడరు.

సాయంత్రం లా కాలేజీలో చేరింది. పక్కన కూర్చున్నవాళ్లంతా ఆవిడ కొడుకు వయసు వాళ్లు. భర్త సిటీ బస్సులో కండక్టరు. ఒకసారి పరీక్ష తప్పి పుస్తకాలు అటక మీదికి ఎత్తించబోతుంటే ఆయన నిచ్చెన పట్టుకుని కదలనివ్వలేదట. "టిక్కెట్టు తీసుకున్నావు కదా, దిగాల్సిన స్టాపు దాకా వెళ్లు. మధ్యలో దిగితే వెనక్కి ఇచ్చేదేమీ ఉండదు" అన్నాడట.

మొదటి రెండేళ్లు ఆవిడకు వచ్చినవన్నీ చిల్లర కేసులే. ఇల్లు ఖాళీ చేయనంటే ఒకటి, ప్రహరీ జరిపారంటే ఒకటి. ఆస్తి తగాదాలంటే జనం పెద్ద ప్లీడర్ల గుమ్మాలు వెతుక్కుంటారు. ఆ పెద్దవాళ్లలో పెద్ద, అందరూ కంచు ప్లీడరని పిలిచే ఆయన. ఆయన లేచి గొంతు సవరిస్తే కిటికీ అద్దాలు అదిరేవి. అవతలి సాక్షి సగం అక్కడే నీరుగారిపోయేవాడు.

అలాంటి రోజుల్లో తాళాలమ్మాయి వచ్చింది.

ఆ అమ్మాయి తండ్రి తాళాల మేస్త్రీ. బజారు మలుపులో మనిషి చేతులు బారజాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు. అందులో నలభై ఏళ్లు తాళాలు బాగుచేసి బతికాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దకొడుకు సిమెంటు కొట్టు పెట్టుకున్నాడు, రెండోవాడు ఎక్కడో ఫ్యాక్టరీలో పని. కూతురు మాత్రం పదిహేనో ఏట నుంచి తండ్రి పక్కనే స్టూలేసుకుని పని నేర్చుకుంది. పోవడానికి ఏడాదిన్నర ముందు మేస్త్రీకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి వాలిపోయింది, మాట పడిపోయింది. ఎనిమిది నెలల తర్వాత, జూన్‌లో, ఆయన వీలునామా రాయించాడు. కొట్టు కూతురికి, ఇల్లు ఇద్దరు కొడుకులకూ చెరిసగం. ఎడంచేత్తో సంతకం పెట్టాడు. ఆయన పోయాక కాగితం బయటికి వచ్చేసరికి, మలుపులో రోడ్డు వెడల్పై ఆ కాస్త కొట్టు స్థలం ధరకీ రెక్కలొచ్చాయి. కొడుకులు అడ్డం తిరిగారు. తండ్రికి మతి లేదనీ, సంతకం ఆయనది కాదనీ, చెల్లెలే ఏదో మాయ చేసిందనీ కేసు వేశారు. వాళ్ల తరఫున కంచు ప్లీడరు.

నర్సు ప్లీడరు ఆ అమ్మాయి చెప్పిందంతా విని, కాగితాలు పక్కన పెట్టి, సూటిగా అడిగింది.

"చూడమ్మా, మాట పడిపోయినవాళ్లు రెండు రకాలు. కొందరికి నోట మాట రాదుగానీ అన్నీ తెలుస్తాయి. కొందరికి మనం చెప్పేది కూడా ఎక్కదు. మీ నాన్న ఏ రకం? నా దగ్గర అబద్ధం చెప్తే కేసు నీదే పోతుంది."

"మేడమ్, నేను ఒక ఆకురాయి బదులు ఇంకోటి అందిస్తే నా మీదికే విసిరేవాడు. కస్టమరు రెండు తాళాలిచ్చి ఒకటే ఇచ్చానంటే వేలు ఊపేవాడు. ఆయనకి తెలియకపోవడమేంటి, నాకు తెలియనివి కూడా తెలిసేవి."

"అయితే సరే. ఇక మన పని ఏంటంటే, నీకూ నాకూ తెలిసింది జడ్జిగారికి తెలిసేట్టు చెయ్యడం."

విచారణ మొదలైంది. వీలునామా రాసిన దస్తావేజుల రాతగాడు బోను ఎక్కాడు. కూతుర్ని బయట నిలబెట్టి, తలుపు వేసి, మేస్త్రీని ఒక్కొక్కటే అడిగానని చెప్పాడు. కావాలనే తప్పుగా కూడా అడిగాడట. కొట్టు పెద్దబ్బాయికా అంటే తల అడ్డంగా ఊపాడు. రెండో అబ్బాయికా అంటే అడ్డంగా ఊపాడు. "పోనీ నాకు రాసేద్దామా అన్నానండి. చెప్పు తీశాడు" అన్నాడు. హాలంతా నవ్వింది. పక్క కొట్టు టైలరు సాక్షి సంతకం తనదేనన్నాడు. కంచు ప్లీడరు ఇద్దర్నీ గద్దించాడుగానీ పెద్దగా రాలిందేమీ లేదు.

అప్పుడాయన ఆస్పత్రి కాగితం ఒకటి తీశాడు. "డాక్టరే రాశాడు. ఈ రోగి మాట్లాడలేడు, చెప్పింది గ్రహించే స్థితి లేదు. ఇంతకంటే ఏం కావాలి?" అని హాలు నలుమూలలా తిప్పి చూపించాడు. వెనక బెంచీ మీద తాళాలమ్మాయి మొహం పాలిపోయింది. ఆ కాగితం నిజమే, దొంగది కాదు.

నర్సు ప్లీడరు దాన్ని చేతిలోకి తీసుకుంది. అలాంటి కాగితాలు ఆవిడ బతుకంతా చూసింది. తేదీ చూసింది. పక్షవాతం వచ్చిన తొమ్మిదో రోజుది. వీలునామా అప్పటికి ఎనిమిది నెలల తర్వాతది. ఈ మధ్యలో మనిషి ఎక్కడున్నాడు, ఏం చేశాడు? ఆవిడకు తెలుసు, పక్షవాతం రోగులను వ్యాయామం గదికి పంపుతారు. అక్కడ పడిపోయిన చేతికి బదులు రెండో చేత్తో రాయడం నేర్పుతారు. రాసిన ప్రతి కాగితాన్నీ పేరు వేసి దాస్తారు. ఏ బీరువాలో దాస్తారో కూడా ఆవిడకు తెలుసు. ఆ కాగితాలు తెప్పించమని కోర్టును కోరింది.

వారం తర్వాత ఇరవై ఆరు కాగితాలు వచ్చాయి. జడ్జిగారి బల్ల మీద వరసగా పరిచింది. మొదటి దాని మీద కోడి గీతలు. నాలుగో దాని మీద ఒక అక్షరం. పదో దాని మీద వంకర టింకర పేరు. ఇరవై ఆరోదీ, వీలునామా మీద సంతకమూ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. ఒక్కో కాగితం కింద నేర్పినవాళ్లు రెండేసి ముక్కలు రాశారు. చివరి దానికింద 'చెప్పినవన్నీ అర్థం చేసుకుంటున్నారు, మొండి మనిషి' అని ఉంది. సంతకం గొడవ అక్కడితో తీరింది. మతి సంగతే మిగిలింది. నేర్పినవాళ్లు డాక్టర్లు కాదు కదా అని కంచు ప్లీడరు తేల్చేశాడు. పైగా ఆయన ఆఖరి సాక్షి పెద్దకొడుకే. తండ్రి గురించి కన్నకొడుకు చెప్తే కోర్టు తీసిపారేయదు.

ఆ సాక్ష్యానికి రెండు రోజుల ముందు తాళాలమ్మాయి మాటల మధ్యలో ఒక సంగతి చెప్పింది. తండ్రి తను చేసిన ప్రతి తాళంచెవి మీదా నెల, ఏడాది అంకెలు గుద్దేవాడట. అన్నయ్య గోడౌను చెవి పారేసుకుంటే ఆయన కొత్తది చేసిచ్చింది వీలునామా రాసిన ఆ వేసవి చివర్లోనే అనిపిస్తోందంది. "అనిపిస్తోందంటే బోనులో చాలదమ్మా" అంది నర్సు ప్లీడరు. ఆ మర్నాడు స్నానాల గది గచ్చు బాగుచేయాలని భర్త అరబస్తా సిమెంటు కోసం బయలుదేరుతుంటే, "ఏమండీ, సిమెంటు కొట్టు ఏదైనా ఒకటే కదా, ఫలానా కొట్టులో తీసుకోండి. గోడౌను తెరిచేటప్పుడు కాస్త తాళం వైపు చూడండి" అంది.

ఆయన సిమెంటు భుజాన వేసుకుని వచ్చి గుమ్మంలోనే అన్నాడు. "ఆరు, పక్కన ఆ ఏడాది అంకెలు రెండూ. అంకెలు కాస్త ఎడమవైపు ఒరిగున్నాయి. ఇరవై ఏళ్లు టిక్కెట్టు నంబర్లు చదివిన కళ్లే, నీకేం అనుమానం అక్కర్లేదు."

పెద్దకొడుకు బోను ఎక్కిన రోజు హాలు కిటకిటలాడింది. మనిషి చెడ్డవాడేం కాదు. భారీగా ఉండి, చెమట తుడుచుకుంటూ, తండ్రి పేరు వచ్చినప్పుడల్లా తల దించుకునేవాడు. కంచు ప్లీడరు నేర్పినంతా నేర్పినట్టే చెప్పాడు. తర్వాత నర్సు ప్లీడరు లేచింది.

"మాట పడిపోయాక మీ నాన్నగారు మిమ్మల్ని గుర్తుపట్టేవారా?"

"ఎప్పుడైనా ఒకసారండి."

"మనం చెప్పింది అర్థమయ్యేదా?"

"ఏమీ అయ్యేది కాదండి. పసిపిల్లాడితో సమానం."

"మీ గోడౌను తాళంచెవి ఇప్పుడు మీ జేబులో ఉందా?"

కంచు ప్లీడరు దిగ్గున లేచాడు. "అభ్యంతరమండీ! తాళానికీ వీలునామాకీ ఏం సంబంధం?"

"తీస్తేనే కదా లోపల ఏముందో తెలిసేది. కూర్చోండి" అన్నారు జడ్జిగారు.

చెవుల గుత్తి బయటికి వచ్చింది. అంకెలు చదవమంది. చదివాడు. ఎవరు గుద్దారంటే, నాన్నే అన్నాడు. తనలో తనే లెక్కేసుకుని, ఆరో నెల అంటే వీలునామా రాసిన నెలేనని అప్పుడే తట్టినట్టు బిత్తరపోయాడు.

కంచు ప్లీడరు ఊరుకుంటాడా? "అలవాటైన పనికి బుర్రతో అవసరమేముందండీ? గానుగెద్దు కూడా కళ్లకు గంతలు కట్టినా తిరుగుతూనే ఉంటుంది" అన్నాడు. మాట బాగా పేలింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

నర్సు ప్లీడరు ఆయన వైపు తిరగనేలేదు. బోను దగ్గరికి రెండడుగులు జరిగింది. సూది వెయ్యబోయే ముందు పేషెంటుతో మాట్లాడే గొంతు అది, అంత మెత్తగా అడిగింది.

"తాళంచెవి పోయిందని నాన్నగారికి ఎలా చెప్పారు బాబూ?"

"వెళ్లి చెప్పానండి. నాన్నా, గోడౌను చెవి పోయిందని."

"అప్పుడాయన ఏం చేశారు?"

అతను చెవుల గుత్తిని చేతిలో ఒకసారి తిప్పాడు. మొహంలో ఏదో కదిలింది. "మొట్టాడండి."

"ఎక్కడ?"

"ఇక్కడండి, నెత్తి మీద. ఎడంచేత్తో. మొట్టి, మూడు వేళ్లు చూపించాడు."

"మూడు వేళ్లా? ఏంటి దానర్థం?"

"మూడోసారండి... చెవి పారేసుకోవడం."

"నిజంగా మూడోసారేనా?"

"అవునండి. పెళ్లైన కొత్తలో ఒకసారి పోయింది. కొట్టు మార్చినప్పుడు ఒకసారి. ఇది మూడోసారే. నేనే మర్చిపోయాను, ఆయన..."

అక్కడ ఆగిపోయాడు.

"మీ పెళ్లై ఎన్నేళ్లైంది?" జడ్జిగారే అడిగారు.

"పదహారేళ్లండి."

"కొడుకు మర్చిపోయినా తండ్రికి గుర్తుంది. సరిగ్గానే గుర్తుంది." ఆయన నా వైపు తిరిగి, "స్టెనోగారూ, ఈ సాక్షి చెప్పింది ఒక్క అక్షరం పోకుండా రాసుకోండి" అన్నారు. నేను అప్పటికే రాసేశాను.

నర్సు ప్లీడరు చేతిలో ఇంకా రెండు పేజీల ప్రశ్నలున్నాయి. అవి నాకు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. "ఇంకేమీ అడగనండి" అని కూర్చుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు మా వరండాలో ఎంతోమంది లేరు. ఆ రోజు కంచు మోగలేదు.

మూడు నెలలకు తీర్పు వచ్చింది. టైపు చేసింది నేనే కాబట్టి అందులోని ఒక వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు. 'మాట పోవడం వేరు, మతి పోవడం వేరు. మొదటిది పోయినంత మాత్రాన రెండోది పోయినట్టు ఈ న్యాయస్థానం భావించదు.' వీలునామా చెల్లుతుంది. కొట్టు కూతురిదే. ఇల్లు తండ్రి రాసినట్టే కొడుకులదే.

తాళాలమ్మాయి మొదట కుర్చీలోంచి లేవలేదు. అర్థం కాలేదేమోనని నర్సు ప్లీడరు వంగి భుజం తట్టింది. అంతే, ఆ అమ్మాయి ఆవిణ్ని పట్టుకుని వలవలా ఏడ్చేసింది. ఆవిడ కూడా కోటు చేతులతోనే కళ్లొత్తుకుంది. వెనక బెంచీ నుంచి కండక్టరుగారు లేచి చప్పట్లు కొట్టాడు. కోర్టులో చప్పట్లు కొట్టకూడదని బంట్రోతు మీదికొస్తే, "జరిమానా వెయ్యవయ్యా, రసీదు రాయించుకుంటా" అన్నాడు. జడ్జిగారు చూడనట్టు కాగితాలు తిరగేశారు.

వరండాలో పెద్దకొడుకు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెల్లెలు పక్కనుంచి వెళ్లబోతుంటే పిలిచాడు.

"మూడు వేళ్ల సంగతి చెప్పేటప్పుడే తెలుసే నాకు, ఓడిపోతున్నానని. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. నాన్న ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే ఉంది."

"చెప్పావు కదా అన్నయ్యా, అది చాలు." ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఒకసారి ఆ తాళం పట్రా. నాలుగో చెవి ఇప్పుడే చేసి పెట్టుకుంటే నీకూ సుఖం, నాకూ సుఖం."

అతను పైకోర్టుకు వెళ్లలేదు. ఆ తర్వాత ఆదివారాలు కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడని టైలరు అనేవాడు.

ఆ తీర్పుతో నర్సు ప్లీడరు గుమ్మం ముందు చెప్పులు పెరిగాయి. తోబుట్టువులు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు, ఒకే మనిషి పేర రెండు వీలునామాలు, సాక్షులు లేని వీలునామాలు, అన్నీ ఆవిడ బల్ల మీదికే వచ్చేవి. కొన్నిటిని కోర్టు దాకా రానివ్వకుండా బల్ల దగ్గరే తేల్చి పంపేసేది. "ఆపరేషన్ అక్కర్లేని చోట మాత్రతో పోనివ్వాలి" అనేది. నెలకొకసారి తన పాత ఆస్పత్రికి వెళ్లి, కొత్తగా చేరిన నర్సులకు ఒక పాఠం చెప్పేది. వార్డులో ఎవరైనా సిరా డబ్బా తీస్తే ఏం చూడాలి, ఏ టైముకు ఏం రాసిపెట్టుకోవాలి, బోనులో ఎలా జవాబు చెప్పాలి అని. నలభై రెండు మంది పేషెంట్లు ఉన్నప్పుడు ఒకర్ని చూశానని ఎలా చెప్పాలో నేర్పేది. ఆ పాఠం విన్న ఒక నర్సు మరుసటి ఏడాదే మా కోర్టులో సాక్ష్యం చెప్పింది. అవతలి ప్లీడరు అరగంట తిప్పినా ఆ పిల్ల ఇసుమంత జంకలేదు. నర్సు ప్లీడరు వెనక బెంచీలో కూర్చుని, పెదాలు బిగబట్టి, లోలోపల మురిసిపోవడం నేను చూశాను.

నేను ఉద్యోగం నుంచి దిగిపోయే ఏడాది ఒక ఉదయం కంచు ప్లీడరు ఆవిడ గదికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన కాసేపు గోడ మీద క్యాలెండరు చూశాడు, ఎండల గురించి మాట్లాడాడు. చివరికి గొంతు తగ్గించి అసలు సంగతికొచ్చాడు.

"మా పెద్దమ్మ వీలునామా రాస్తానంటోందండి. నేను రాస్తే మావాళ్లెవరూ నమ్మరు. మీరు రాస్తే నోరెత్తరు."

"ఎప్పుడు రమ్మంటారు?"

"మీ వీలు."

ఆ సాయంత్రమే వెళ్లాం. ముందు గది నిండా చుట్టాలే. లోపల మంచం మీద పెద్దావిడ, కళ్లలో మాత్రం చురుకు తగ్గలేదు. నర్సు ప్లీడరు గదిలోకి వెళ్లి అందరి వైపూ చూసింది.

"మీరంతా కాస్త బయటికి వెళ్లాలి" అంది. కంచు ప్లీడరు మాత్రం ఆగిపోయాడు. "మీరు కూడానండీ."

ఆయన నవ్వుతూ బయటికి వెళ్లాడు. నర్సు ప్లీడరు రాయడానికి నన్ను మాత్రం ఉంచుకుని తలుపు దగ్గరికి వేసి, కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని, పెద్దావిడ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"చెప్పండి పెద్దమ్మా. తొందరేం లేదు, వింటాను."